ఉత్త ఫ్లాష్

సోమలింగం అబద్ధాలాడే మనిషి కాదు. ఆ పని అతని బదులు అతని ఫ్లాష్ చేసేది.

ఇది అర్థం కావాలంటే రీలు కెమెరాల కాలంలో పెళ్లి ఫోటోలు ఎలా తీసేవారో కొంచెం చెప్పాలి. పెళ్లివారు రెండు రీళ్లు తెచ్చి ఇచ్చేవారు. ఒక్కో రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, చెయ్యి తిరిగినవాడైతే ముప్పై ఎనిమిది లాగుతాడు. వచ్చిన జనం మాత్రం నాలుగొందలు. పెళ్లికూతురి పక్కన నిలబడి ఫోటో దిగాలని అందరికీ ఉంటుంది. కాదంటే అలుగుతారు. ఆ అలకైనా పెళ్లివారి మీద కాదు, పాపం ఫోటోగ్రాఫర్ మీద. అందుకని ఆ వృత్తిలో పాతవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఫ్లాష్‌కి వెనకవైపు చిన్న బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే కెమెరాతో నిమిత్తం లేకుండా ఫ్లాష్ ఒక్కటే వెలుగుతుంది. లోపల రీలు కదలదు, బొమ్మ పడదు. ఎదురుగా ఉన్నవాళ్లు కళ్లు చికిలించి, నవ్వి, తృప్తిగా భోజనాలకి వెళ్లిపోతారు. దీన్ని ఉత్త ఫ్లాష్ అంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు.

సోమలింగం ఈ విద్యలో ఆరితేరినవాడు. మగ్గాల పనికి కరీంనగర్ జిల్లా నుంచి సూరత్ వచ్చిన పద్మశాలీల ఇంట్లో పుట్టాడు. మగ్గం చప్పుడు పడక, పద్దెనిమిదో ఏట ఖటోదరాలో ఒక గుజరాతీ సేఠ్ స్టూడియోలో చేరి పని నేర్చుకుని, బమ్రోలిలో సొంత దుకాణం తెరిచాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ల పెళ్లి ఏది జరిగినా అతనే. "సోమలింగం దీసిండంటే ఫోటో ఉన్నట్టే" అని అతనికి పేరు. ఉత్త ఫ్లాష్ ఎవరికి కొట్టాలో అతని కన్ను ఒక్క చూపులో తేల్చేసేది. మెడలో గొలుసున్నవాళ్లకీ వియ్యాలవారికీ అసలు ఫోటో. మగ్గం మీంచి సరాసరి వచ్చినవాళ్లకీ, వరసలో చివర నిలబడే ముసలివాళ్లకీ, బొట్టులేని ఆడవాళ్లకీ ఉత్తది. ఇది దుర్మార్గమని అతనెప్పుడూ అనుకోలేదు. పొదుపు అనుకున్నాడు.

ఒక్కసారి మాత్రం ఆ పొదుపు ఒక కుటుంబాన్ని రెండు ముక్కలు చేసింది.

కరోనా వచ్చిన ఏటికి ఇరవై ఏళ్ల కిందట వెంకటవ్వ కూతురు భాగ్యలక్ష్మి పెళ్లయింది. వెంకటవ్వ భర్త నర్సింగం మగ్గాల మేస్త్రీ. నర్సింగం చెల్లెలు బాలవ్వ అదే గల్లీలో ఉండేది. పాతికేళ్లు నిండకుండానే భర్త పోయాడు, పిల్లల్లేరు. భాగ్యలక్ష్మికి స్నానం పోసి, జడ వేసి, బడికి పంపి పెంచింది ఆమే. తలంబ్రాలయ్యాక వెళ్లి మేనకోడలి పక్కన నిలబడింది. రెండో రీలులో ఇంకా నాలుగే ఫోటోలు మిగిలాయి, అప్పగింతలు ఇంకా కాలేదు. సోమలింగం బొటనవేలు వెనక బటన్ మీదికి పోయింది. వెలుగు వచ్చింది. బాలవ్వ మెట్లు దిగిపోయింది.

ఆల్బం వచ్చాక బాలవ్వ దాన్ని మూడుసార్లు తిరగేసింది. ఎక్కడా తను లేదు. పైగా తలంబ్రాలకీ అప్పగింతలకీ మధ్య ఆల్బంలో ఒక జేబు ఖాళీగా ఉంది. ఒక ఘట్టం ముగిసి ఇంకోటి మొదలైనచోట అలా ఒకటి వదిలేయడం సోమలింగం అలవాటు. బాలవ్వకది ఎవరో ఖాళీ చేసిన జేబులా కనబడింది. పసుపూ కుంకుమా లేనిది పెళ్లికూతురి పక్కన ఉండటం అరిష్టమని వదినె ఆ ఫోటో తీసి దాచేసిందని అనుకుంది. వెంకటవ్వ కూతురి మీద ఒట్టేసింది. చివరికి ఇద్దరూ ఆల్బం పట్టుకుని దుకాణానికి వచ్చారు.

"తమ్మీ, జర నిజం చెప్పు," అంది బాలవ్వ. "నువ్వు నన్ను దీసినవా, లేదా?"

దుకాణంలో ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్లలో ఒకాయన కొడుకు పెళ్లి వచ్చే నెల్లో ఉంది. సోమలింగం ఒక్క క్షణం ఆలోచించాడు, అంతే.

"తీసిన అక్కా. తీసినయన్ని ఆల్బంల పెట్టి ఇచ్చిన."

నెగటివ్ చూపించమని వెంకటవ్వ అడిగితే, అవి ల్యాబులోనే ఉండిపోయాయన్నాడు. ఇక అడిగేదేముంది? అతను తీశాడు, ఆల్బంలో లేదు, కాబట్టి తీసేసింది వెంకటవ్వే. నిప్పు లేనిదే పొగ వస్తుందా అంది గల్లీ అంతా. ఆ రోజుతో వదినెకీ ఆడబిడ్డకీ మాటలు పోయాయి. తర్వాత కొన్నేళ్లకు నర్సింగం చనిపోతే బాలవ్వ వచ్చి అన్న కాళ్ల దగ్గర పడి ఏడ్చింది, వదినె ముఖం చూడకుండా వెళ్లిపోయింది. సోమలింగం ఆ చావుకి వెళ్లాడు. నోరు తెరుద్దామని అనుకున్నాడు కూడా. శవం ముందు ఆ మాటెందుకులే అని ఊరుకున్నాడు. అంతకుముందు రెండువేల ఆరు వరదల్లో దుకాణంలో నీళ్లు నిలిచి అతని నెగటివ్‌లన్నీ ముద్దయిపోయినప్పుడు ఊరంతా అతన్ని ఓదార్చింది. అతనికి మాత్రం లోపల ఎక్కడో కాస్త హాయిగానే అనిపించింది, ఆ సంగతి తనకైనా పూర్తిగా ఒప్పుకోలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకునేవాళ్లు ఇలాగే ఉంటారు, చూడ్డానికి చాలా మర్యాదస్తులుగా.

పదేళ్లుగా పెళ్లిళ్లు డిజిటల్ కుర్రాళ్ల చేతుల్లోకి పోయాయి. పాతకాలం వాళ్లు పిలిచే నాలుగైదు పెళ్లిళ్లతో, ఫోటోలకి ఫ్రేములు కట్టడంతో అతను నెట్టుకొస్తున్నాడు. మిగిలింది పేరొక్కటే. అంతలో కరోనా వచ్చింది. మగ్గాలు ఆగాయి, జనం లారీలెక్కి ఊళ్లకి పోయారు. ఖటోదరాలో రీళ్లు కడిగే ఆఖరి ల్యాబు మూతపడి, దాని యంత్రం తుక్కు కింద వెళ్లిపోయింది. జూలైలో మాత్రం ఫ్రేముల పని తీరిక లేకుండా వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పెళ్లి గుంపుల్లోంచి, ఫోన్లలోంచి ముఖాలు కత్తిరించి తెచ్చేవారు. ఒకామె తన భర్త ఆధార్ కార్డు తెచ్చింది, అంతకన్నా ఇంకో ఫోటో లేదంది. ఆ మనిషి సోమలింగానికి తెలుసు. ఇరవై పెళ్లిళ్లలోనన్నా చూసి ఉంటాడు. ఆ కార్డు బొమ్మని పెద్దది చేయిస్తే మనిషి ముఖం మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

కతర్‌గామ్‌లో వజ్రాల కంపెనీ ఆఫీసులో పనిచేసే అతని కూతురు సుమన, ఎవరో వాడి అమ్మేసిన డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"బాపూ, దీంట్ల రోల్ ఖతమే కాదు. ఎన్ని కావాలంటే అన్ని కొట్టు. మంచిగ రాలేదనుకో, డిలీట్. టెన్షనే లేదు."

సోమలింగం దాన్ని పట్టుకుని బమ్రోలి రోడ్డంతా తిరిగి, సాయంత్రానికి పదకొండు ఫోటోలతో ఇంటికొచ్చాడు. సుమన తల పట్టుకుంది. ఒక్కో ఫోటో తీశాక అతని బొటనవేలు రీలు తిప్పే మీట కోసం గాలిలో వెతికేది. మెమరీ కార్డు మార్చాలంటే ఎండ తగలకుండా చొక్కా కింద పెట్టుకుని మార్చేవాడు. అది నిండినప్పుడు చెరిపి మళ్లీ వాడుకోవచ్చంటే, తీసినవాళ్లని చెరపడమేంటని కోప్పడి, కార్డుని నెగటివ్‌ల కవర్లో పెట్టి పైన తేదీ రాశాడు. నెల తిరిగేసరికి మాత్రం తన పాత ఫ్లాష్‌ని దాని నెత్తిన బిగించుకున్నాడు, కెమెరా అతనికి లొంగింది. వెలుతురు సంగతి తెలిసిన కన్ను కదా. తను తీసింది అప్పటికప్పుడు వెనక తెరమీద చూసుకోవడం మొదట్లో దొంగచూపులా అనిపించినా, తర్వాత తర్వాత సరదాగానే ఉంది.

కార్తీకమాసంలో భాగ్యలక్ష్మి దుకాణానికి వచ్చింది. ఆమె కూతురు శ్రీలేఖ పెళ్లి. వంద మందికి మించకూడదని పోలీసుల ఆంక్ష, చీకటి పడితే కర్ఫ్యూ, కాబట్టి పొద్దున్నే ముహూర్తం.

"నా పెండ్లికి నువ్వే దీసినవు మామా, నా బిడ్డకు గూడ నువ్వే దీయాలె," అంది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. "బాలవ్వత్తను గూడ పిలిచిన. వందమందిల నీదే మొదటి పేరు అత్తా అన్న. వస్తనన్నది."

సోమలింగం తల ఊపాడు. ఆ పెళ్లి బాగా తీస్తే, వచ్చిన వందమందిలో పదిమందైనా మళ్లీ అతన్ని పిలుస్తారు, దుకాణం నిలబడుతుంది. ఇరవై ఏళ్ల నాటి మాట ఆ హాల్లో పైకి తేలిందా, దుకాణంతో పాటు ఆ మిగిలిన పేరు కూడా పోతుంది. బాలవ్వ రాకుండా ఉంటే బాగుండునని అతను మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

బాలవ్వ వచ్చింది. హాలు గుమ్మంలో నుదుటికి పెట్టి జ్వరం చూసే తుపాకీకి తల వంచి, మాస్కు సర్దుకుని, చిట్టచివరి వరసలో కూర్చుంది. ఇంకో చివర వెంకటవ్వ కూర్చుంది. భర్త పోయినప్పటి నుంచి శుభకార్యంలో ఆమె కూడా మంటపం ఎక్కడం లేదు. ఒకప్పుడు ఏ ఆచారం పట్టుకుని ఫోటో దాచిందని లోకం ఆమె మీద నింద వేసిందో, ఆ ఆచారమే ఇప్పుడు ఆమెనూ మూలకి నెట్టింది.

పొద్దుటి నుంచి సోమలింగం చెయ్యి బాగా నడిచింది. సూరత్‌లోనే పుట్టిపెరిగిన పెళ్లికూతురు ప్రతి ఫోటోకీ, "తాతా, దిఖావ్ నా, ఎట్లొచ్చింది?" అని కెమెరా వెనక్కి వంగి చూసేది. బాగుందని మురిసిపోయేది. అతనూ మురిసిపోయాడు. తలంబ్రాలయ్యాయి. భాగ్యలక్ష్మి మంటపం దిగి, మేనత్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కూతురి పక్కన నిలబెట్టింది.

"మాస్కు తియ్ అత్తా. మామా, మంచిగ దియ్యి."

బాలవ్వ మాస్కు తీసింది. మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది. సోమలింగం కెమెరా కంటికి ఆనించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, బొటనవేలికి అబ్బిన బుద్ధి కూడా అంతే. తెల్లజుట్టు, బోడి నుదురు, చివర నిలబడే మనిషి. అతను ఏమీ అనుకోకముందే వేలు ఫ్లాష్ వెనక్కి పోయింది. కళ్లు జిగేలుమనేలా వెలుగు వచ్చింది.

"దిఖావ్ తాతా!" అంటూ శ్రీలేఖ వంగింది. తెరమీద పెళ్లికొడుకు బాబాయి తలపాగా సర్దుకుంటున్నాడు. అది అంతకు ముందు తీసిన ఫోటో. "అరే, అవ్వ ఏది? ఫ్లాష్ వచ్చింది గద!"

బాలవ్వ కూడా వంగి చూసింది. ఆమెకి కోపం రాలేదు, ఆశ్చర్యమూ కలగలేదు.

"పోనీ తీ బిడ్డా, నాకిది కొత్తనా? ఈ ఇంట్ల నా ఫోటో నిలవదు," అంది వెంకటవ్వ కూర్చున్న మూలకి చూస్తూ.

వంద మందే ఉన్న హాలు కావడంతో ఆ మాట అందరికీ వినబడింది. వెంకటవ్వకి కూడా. ఆమె చేతిలోని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి లేచింది.

"అమ్మా, యాడికి?" అంది భాగ్యలక్ష్మి.

"నేనుంటె మీ అత్తకు ఫోటో రాదట గద. నేను బోత."

"ఏంది అమ్మమ్మా, నువ్వు గూడ!" అని విసుక్కుంది శ్రీలేఖ. "కెమెరా నయా హై, తాతకు ఇంక మంచిగ రాదు, గంతే. తాతా, ఇంకొకటి కొట్టు, అయిపోతది."

నిజంగానే అయిపోయేది. కొత్త కెమెరా, ముసలి చెయ్యి, ఇంతకన్నా మంచి సాకు దేవుడు కూడా ఇవ్వలేడు. మళ్లీ ఒకసారి నొక్కితే చాలు. వెంకటవ్వ తలుపు దాకా వెళ్లింది. ఇరవై ఏళ్లుగా ఆమె ఎన్ని తలుపుల్లోంచి ఇలా వెళ్లి ఉంటుందో అన్న ఆలోచన సోమలింగానికి ఆ క్షణాన మొదటిసారి వచ్చింది. మొదటిసారే రావడం అతనికే సిగ్గనిపించింది.

"వెంకటవ్వక్కా, ఆగు," అన్నాడు. మాస్కు కిందికి లాక్కుని మళ్లీ అన్నాడు. "నువ్వు ఏది దాయలే. దాయనీకి ఫోటో ఉంటె గద. భాగ్య పెండ్లినాడు నేను బాలవ్వక్కను దీయలే. గిట్ల జేసిన."

అందరూ చూస్తుండగా కెమెరా తెర వాళ్ల వైపు తిప్పి ఫ్లాష్ వెనక బటన్ నొక్కాడు. వెలుగు వచ్చింది. తెర మీద పెళ్లికొడుకు బాబాయి ఇంకా తలపాగా సర్దుకుంటూనే ఉన్నాడు.

"తీసిన అని నువ్వే జెప్పినవు గద?" అంది బాలవ్వ.

"అబద్ధం జెప్పిన."

ముందు వరసలో మగ్గాలు బాగుచేసే జాబర్ రాజమల్లు మెల్లగా లేచాడు.

"సోమలింగం, మా చెల్లె పెండ్లిల మా బాపును రెండుమాట్ల నిలబెట్టినవు. ఆల్బంల ఒక్కటి గూడ లేకుండె. రీలు కాలిందన్నవు. అదిగూడ గిదేనా?"

సోమలింగం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. "ఏమో రాజమల్లన్నా. నేను జెప్పలేను," అన్నాడు. ఔనన్నా బాగుండేదేమో. రాజమల్లు కూర్చున్నాడు. హాల్లో నలుగురైదుగురు తలలు వంచుకుని ఎవరి పెళ్లిళ్లు వాళ్లు లోపల వెతుక్కోవడం మొదలుపెట్టారు. అతని పేరు అక్కడే, అంత నిశ్శబ్దంగా పోయింది.

వెంకటవ్వ మాత్రం నిశ్శబ్దంగా ఉండలేదు. తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఇరవై ఏండ్లు! కన్నబిడ్డ మీద ఒట్టేసిన, ఒక్కలు నమ్మలే. నా మొగడు సచ్చిననాడు గూడ ఇది నా మొకం జూడలే. నీ నోట్ల మన్నువడ, ఒక్క మాట జెప్పనీకి నీకు ఇరవై ఏండ్లు వట్టిందిరా?"

తిట్లకి తను అర్హుడేనని తెలిసినప్పుడు అవి పెద్ద బరువనిపించవు. సోమలింగం బాలవ్వ తిట్లకోసం ఎదురుచూశాడు. హాలంతా ఎదురుచూసింది. బాలవ్వ మంటపం మెట్టు మీద కూర్చుంది.

"వదినె పెట్టెల ఉన్నదనుకున్న," అంది ఎవరితోనో అన్నట్టు. "ఎప్పుడో ఒకనాడు మేమిద్దరం పోయినంక ఎవరో ఒకలు ఆ పెట్టె తెరుస్తరు, అండ్ల భాగ్య పక్కన నేనుంట అనుకున్న. వదినె మీద ఎంత కోపమున్నా, ఉన్నది గద, యాడనో ఒకకాడ ఉన్నది గద అనుకుంట ఉన్న ఇన్నేండ్లు. ఇప్పుడు అది గూడ లేదంటున్నవు."

శ్రీలేఖ ఆమె పక్కన కూలబడింది. "ఇప్పుడు దీస్తడు అవ్వా. వంద దీస్తడు. దీంట్ల రోల్ ఖతమే కాదు."

"ఇప్పటి నన్ను దీస్తడు బిడ్డా," అంది బాలవ్వ. "గప్పటి నన్ను ఏడికెల్లి దెస్తడు?"

వెయ్యి ఫోటోలకి చోటున్న కెమెరా చేత్తో పట్టుకుని సోమలింగం నిలబడ్డాడు. పెళ్లి చేయించే అయ్యగారు వేళ మించిపోతోందని కేకేయడంతో పెళ్లి మళ్లీ కదిలింది. బాలవ్వని అతను తర్వాత తీశాడు, ఒకటికి పది తీశాడు. ఆమె వద్దనలేదు, చూపించమని కూడా అడగలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కుర్చీ విడిచి కుర్చీకి టేపుతో అడ్డగీతలు వేసి ఉంచారు. బాలవ్వ ఒక చివర కూర్చుంది. కాసేపటికి వెంకటవ్వ పళ్లెం పట్టుకుని వచ్చి, మధ్యలో గీతల కుర్చీ వదిలి, ఆ పక్క దాంట్లో కూర్చుంది. ఇద్దరూ పళ్లేల్లోకి చూస్తూ తిన్నారు. భోజనాల ఫోటోలు తీస్తూ సోమలింగం అక్కడిదాకా వచ్చాడు.

"ఆనాడు పచ్చ చీర గట్టుకున్నవు," అంది వెంకటవ్వ ఉన్నట్టుండి, తల ఎత్తకుండా. "నేను సోమలింగం ఎనకనే నిలవడ్డ. భాగ్య ఏడుస్తుంటె కాటుక గారింది. నువ్వు దాని గదవ వట్టుకుని కొంగుతోని తుడిసినవు. గప్పుడే ఫ్లాష్ వచ్చింది."

బాలవ్వ నోటి దాకా తీసుకెళ్లిన ముద్ద ఆగింది.

"పచ్చ గాదు," అంది. "వంకాయ రంగు. అన్న దెచ్చింది."

"పచ్చదే. నాకు మంచిగ యాదున్నది."

బాలవ్వ తలెత్తి సోమలింగాన్ని చూసింది. "తమ్మీ, నువ్వు కెమెరాలకెల్లి మా దిక్కే జూస్తుంటివి గద. నువ్వు జెప్పు. ఏ రంగు?"

ఆ క్షణాన ఆ ఇద్దరికీ అందరికన్నా ఎదురుగా, కంటికి అద్దం ఆనించి మరీ నిలబడ్డవాడు సోమలింగం. చీర రంగు కోసం వెతుక్కున్నాడు. కాటుక కోసం, కొంగు కోసం వెతుక్కున్నాడు. రీలులో ఇంకా నాలుగున్నాయన్న లెక్క తప్ప ఏమీ దొరకలేదు.

"నాకు యాదికి లేదు అక్కా," అన్నాడు.

"నువ్వు మమ్మల్ని జూడనే లేదు తీ," అంది బాలవ్వ, కోపం లేకుండా. వదినె వైపు తిరిగి కూర్చుని, "మరి అంచు ఏ రంగు, చెప్పు," అని అడిగింది.